నలభై మూడు చోట్ల పేర్ల మార్పు

ఉదయం తొమ్మిదిన్నరకు పెద్దాయన కుర్చీలో కూర్చుని కంప్యూటరు తెరిచేసరికి, అన్నిటికన్నా పైన టీచరమ్మ పంపిన కబురు ఉంది.

"వెతికే ఫైలులో పేర్ల మార్పు. నలభై మూడు చోట్ల. పనితీరు ఏమీ మారదు. దయచేసి చూడండి."

చదవగానే ఆయనకు ఒళ్ళు మండింది.

ఆఫీసులో అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు, ఎదురుగా ఉన్నంతసేపూ. వెనక్కి తిరిగితే మొండిఘటం అంటారు. ఆయనకు రెండూ తెలుసు. రెండోదే తనకు సరిగ్గా అతుకుతుందని కూడా తెలుసు. ఊరి బడిలో చదువుకుని వచ్చినవాడు. ఒక్క మాటతో పోయే చోట రెండో మాట ఆడడు. వయసు యాభై ఆరు. భార్య పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఒక్క మాట కూడా చాలాసార్లు మింగేస్తున్నాడు.

ఆ కంపెనీ గ్రంథాలయాలకు సాఫ్ట్‌వేరు చేస్తుంది. ఎవరైనా వచ్చి ఒక మాట కొడితే, లక్షల పుస్తకాల్లోంచి దానికి తగినవి ఏరి, బాగా తగినవి పైన, అంతంతమాత్రమైనవి కింద చూపించాలి. ఆ ఏరడం, ఆ వరస కట్టడం అంతా ఒక్క ఫైలులో జరుగుతుంది. ఇరవై నాలుగేళ్ళ కింద పెద్దాయనా, ఆయన భార్యా కలిసి రాసిన ఫైలు అది.

కంపెనీలో ప్రతి ఫైలుకూ ఒక కాపరి ఉంటాడు. ఎవరు ఏ మార్పు చేసినా కాపరి చదివి, ఒప్పుకున్నానని నొక్కితేనే లోపలికి వెళ్తుంది. ఈ ఫైలుకు మాత్రం ఇద్దరు కాపరులు, మొగుడూ పెళ్ళామూ; ఒకరు నొక్కితే చాలు, తన మార్పు మాత్రం తనే నొక్కకూడదు. ఆవిడ పేరు తీసేయమని ఆయన ఎవరికీ చెప్పలేదు. తీసేయమని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అందుకని ఈ ఫైలుకు ఏ మార్పు వచ్చినా తెరకు కుడిపక్కన రెండు పేర్లూ వస్తాయి. రెంటి పక్కనా 'ఇంకా చూడలేదు' అని ఉంటుంది.

పెద్దాయన మార్పు తెరిచాడు. ఎడమవైపు పాత లైన్లు ఎర్రగా, కుడివైపు కొత్త లైన్లు పచ్చగా. ఎడమవైపు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. పరీక్షకు వచ్చిన ఒక్కొక్క పుస్తకమూ 'కోడలు'. దాన్ని లోపలికి రానివ్వాలా వద్దా తేల్చేది 'అత్త'. దాని తప్పులు లెక్కపెట్టేది 'ఆడపడుచు'. అన్నీ దాటుకుని వచ్చినవి కాసేపు కూర్చునే చోటు 'మరిది'. కుడివైపు వీటన్నిటి బదులు బుక్, ఫిల్టర్, స్కోర్, లిస్ట్. నలభై మూడు చోట్ల.

ఆయన కళ్ళు కుడివైపు దాకా పోలేదు. ఎడమవైపే ఆగిపోయాయి.

అప్పటి ఆఫీసు చెప్పుల దుకాణం పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటే జిగురు వాసన, తోలు వాసన. లోపల ఒకే కిటికీ. ఇద్దరి బల్లలూ ఎదురెదురుగా వేసి ఉండేవి, మధ్యలో రెండు కంప్యూటర్ల వీపులు. ఆవిడ బల్ల కిందకు రాగానే చెప్పులు వదిలేసి, పాదాలు కంప్యూటరు పెట్టె మీద ఆనించుకునేది. చలికాలంలో అది వెచ్చగా ఉంటుందట. మూలనున్న ప్రింటరు పని మొదలుపెడితే గదిలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అంచుల్లో బెజ్జాలున్న పొడవాటి కాగితం గలగలా కిందికి దిగేది. ఆవిడ దాన్ని ఒళ్ళో మడతలు మడతలుగా పోసుకుని, చెవి వెనకనుంచి ఎర్ర పెన్సిలు తీసి, లైను లైనూ పైకి చదివేది.

"అత్త ఒప్పుకోకపోతే కోడలు బయటికి. ఆడపడుచుకి ఒకటి కలుపు. మళ్ళీ మొదటికి పో."

చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఈ మూడేళ్ళలో ఆయన ఎక్కువగా తలచుకున్నది ఆ నవ్వునే. ఇంట్లో ఆవిడ చీరలు మరదలు పట్టుకుపోయింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. ఆవిడ పెట్టిన పేర్లు మాత్రం ఈ ఫైలులో ఉన్నాయి. రోజుకు కొన్ని వేలమంది ఏదో ఒక పుస్తకం వెతికినప్పుడల్లా అవి పరుగెడుతున్నాయి.

లేచి టీచరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పదేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఆ పని మానేసి ఇందులోకి వచ్చిన మనిషి. అందుకే ఆ పేరు.

"ఏమ్మా, ఆ పేర్లు నిన్నేం చేశాయి?"

"నన్నేం చేయలేదు సార్. కొత్తగా చేరినవాళ్ళని ఏడిపిస్తున్నాయి. మొన్న ఒకతను రెండు రోజులు కూర్చుని, ఆడపడుచు ఏం చేస్తుంది మేడం అని అడిగాడు. మా ఇంట్లో ఏం చేస్తుందో చెప్పాను గానీ, ఇక్కడేం చేస్తుందో నాకూ తెలీలేదు."

పక్క బల్లల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన అటు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇరవై నాలుగేళ్ళుగా నడుస్తున్న ఫైలు."

"నడవట్లేదని నేనన్లేదు సార్. చదవలేకపోతున్నాం అంటున్నా."

"చదవలేనివాళ్ళకి ఈ ఉద్యోగం ఎందుకు?"

టీచరమ్మ కుర్చీ ఇటు తిప్పింది. "పాఠం అర్థం కాకపోతే పిల్లలకి తెలివి లేదనే మేష్టార్లతో పదేళ్ళు వేగాను సార్. ఇక్కడ కూడా అదే అంటే ఎలా?"

"ఆ పేర్లు ఎవరు పెట్టారో తెలుసా నీకు?"

"తెలీదు."

"మా ఆవిడ."

టీచరమ్మ ముఖంలో రంగు దిగిపోయింది. ఆ ఫైలు కాపరుల్లో రెండో పేరు ఎవరిదో ఆవిడకు అప్పుడే వెలిగినట్టుంది.

"సారీ సార్. నాకు నిజంగా తెలీదు. ఇప్పుడే వెనక్కి తీసేసుకుంటాను."

ఆ మాట ఆయనకు ఇంకా గుచ్చుకుంది. జాలిపడి వదిలేసిన మార్పును రేపు ఇంకొకడు పంపిస్తాడు. వాడికి జాలి ఉంటుందని ఏముంది?

"వెనక్కి తీయక్కర్లేదు. సాయంత్రంలోగా చెప్తాను."

ఆయన అనుకున్నది ఒకటే. ఎవరు ఏ లైను ఏ రోజు రాశారో ఫైలు చరిత్రలో ఉంటుంది. ఆవిడ పేరు, ఆ తారీఖు చూపించి, ఈ పేర్లు ఇలాగే ఉంటాయి అని కింద రాసి, మార్పును తిప్పి కొట్టాలి. ఆ తర్వాత తను రిటైరైపోయినా ఇంకెవడూ వాటి జోలికి రాడు.

చరిత్ర తెరిచి వెనక్కి నడిచాడు. పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఇరవై. కంపెనీ మూడుసార్లు చోటు మారింది, రాసిన ఫైళ్ళు దాచే పద్ధతి రెండుసార్లు మారింది, అయినా పాత సంగతులన్నీ మోసుకొచ్చారు. చిట్టచివరకు ఇరవై నాలుగేళ్ళ కింద ఒక గురువారం దగ్గర ఆగాడు. 'అత్త' అన్న మాట ఈ ఫైలులోకి వచ్చింది ఆ రోజే. కింద గమనిక కూడా ఉంది.

"ఇంటి పేర్లు పెట్టాను. నవ్వుకోండి."

రాసినవాడి పేరు తనదే.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. కోడలు, ఆడపడుచు, మరిది, అన్నీ ఆ గురువారమే వచ్చాయి. అన్నిటి పక్కనా తన పేరే.

ఆ రోజుల్లో తన తల్లీ చెల్లెలూ తమతోనే ఉండేవాళ్ళు. పెళ్ళయి ఏడాది. భార్య ఎనిమిదింటికల్లా ఇంటిపని ముగించి బయటపడాలి, ముగించకుండా బయటపడితే ఒక మాట, ముగించి బయటపడితే తొందరగా వెళ్ళిపోతోందని ఇంకో మాట. ఆయన అప్పుడు పేపరు చదువుకుంటూ ఉండేవాడు. ఆఫీసులో మిగతా నలుగురికీ ఆ పేర్లు తెగ నచ్చాయి. ఆవిడ రాసింది ఎప్పుడైనా తప్పిపోతే, "ఏం వదినా, అత్త ఒప్పుకోలేదా?" అనేవాళ్ళు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఇదంతా ఆయనకు బాగానే గుర్తుంది. పేర్లు పెట్టింది తనేనన్న ఒక్క సంగతే ఎలాగో జారిపోయింది.

పెద్దాయన చరిత్రలో ఈసారి ఆవిడ పేరు కొట్టి వెతికాడు. వందల్లో వచ్చాయి. ఈ ఒక్క ఫైలుకే కుదిస్తే ముప్ఫై చిల్లర. వాటిల్లో ఒకటి మాత్రం లోపలికి వెళ్ళకుండానే మూసేసినది. పంతొమ్మిదేళ్ళ కిందది. దాని మీద ఆవిడ రాసిన మాటలు:

"ఈ పేర్లు చదివేవాళ్ళకి ఏమీ చెప్పడం లేదు. అర్థమయ్యేవి పెట్టాను. పని మారదు. మీరు ఒకసారి చూడగలరు."

కాపరి జవాబు దాని కిందే ఉంది.

"నడుస్తోంది కదా. జోకు అర్థం కాకపోతే ఊరుకో. ఒప్పుకోను."

దాని కింద ఆవిడది ఒకే మాట. "సరే."

అదే సాయంత్రం ఆవిడే మూసేసింది.

పెద్దాయన ఆ రోజును గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ప్రింటరు చప్పుడు గుర్తొచ్చింది. పెట్టె మీద పాదాలు గుర్తొచ్చాయి. వాన పడితే కిటికీ సందులో ఆవిడ కుక్కే పాత కాగితాలు కూడా గుర్తొచ్చాయి. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి వెళ్ళి ఉంటారు. బస్సులో పక్కపక్కన కూర్చునే ఉంటారు. ఆవిడ ఏమీ అని ఉండదు.

ఫోను తీసుకుని బయట వరండాలోకి వెళ్ళాడు. మరదలికి ఫోను చేశాడు. ఆవిడకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. అక్క పోయాక ఈ మూడేళ్ళలో ఇద్దరూ మాట్లాడుకున్నది మూడుసార్లు.

"ఎవరూ?"

"నేనే."

"ఓహో, బావగారా! ఫోను చేయడం వచ్చన్నమాట తమరికి." వెనకాల మిషను గడగడలాడుతోంది. "చెప్పు బావా. ఒక జాకెట్టు మీదున్నాను, కుట్టుకుంటూ వింటాను."

"మీ అక్క ఆఫీసులో పేర్ల సంగతి నీతో ఎప్పుడైనా అందా?"

మిషను ఆగిపోయింది.

"అత్తా కోడళ్ళ పేర్లా?"

"అందన్నమాట."

"అనడమేంటి, ఓ ఆదివారం కాగితం పట్టుకుని ఇక్కడికే వచ్చింది. ఇదిగో, ఈ బల్ల మీదే కూర్చుంది. ఏమే, తప్పులు లెక్కపెట్టి మార్కులు తీసేసేదానికి ఏం పేరు పెట్టను అంది. మీ గోల నాకేం తెలుసు! తీసేసేదేగా, కటింగ్ అని పెట్టవే అన్నా. భలే ఉందే అని రాసుకుంది."

పెద్దాయన వరండా గోడకు ఆనుకున్నాడు.

"ఉందా ఇంకా?"

"ఏది?"

"నా కటింగు. కంప్యూటర్లో పెట్టేశాం, మీ బావకి కూడా నచ్చింది అంది కదా. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకున్నా, నేను పెట్టిన పేరు లైబ్రరీ కంప్యూటర్లో ఉందీ అని."

"పెట్టలేదు."

"ఏం?"

"నేను ఒప్పుకోలేదు."

అటువైపు కత్తెర బల్ల మీద పెట్టిన శబ్దం వినిపించింది.

"అదన్నమాట," అంది మరదలు. "నీ మీద మాట పడనిచ్చేది కాదులే అక్క. ఎంత కట్టుకథ చెప్పింది నాకు!"

"ఆ పేర్లు చదివి నవ్వేది."

"నవ్వేది. నువ్వు ఎదురుగా ఉంటే."

"ఏడ్చిందా ఎప్పుడైనా?"

"అంత సీను లేదు బావా. అక్క ఏడ్చే మనిషా? విసుక్కునేది. పొద్దున్నే ఇంట్లో ఒక అత్తని దాటుకుని వస్తే, ఆఫీసులో ఇంకో అత్త కాచుకుని ఉంటుందే అనేది. ఇప్పుడెందుకివన్నీ? మీ అమ్మ లేదు, అక్కా లేదు."

"పేర్లు మారుస్తున్నారు."

"మరి అందులో కటింగ్ ఉందా?"

"లేదు."

"పెట్టించు. మా ఇంటికి నువ్వు ఇంకే మేలూ చేయకపోయినా పర్లేదు, అదొక్కటి చెయ్," అని ఫోను పెట్టేసింది.

పెద్దాయన తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి టీచరమ్మ మార్పును మొదటి లైనునుంచి చదివాడు. ఒక పక్కన భార్య పంతొమ్మిదేళ్ళ కింద మూసేసిన మార్పును తెరిచి పెట్టుకున్నాడు. నలభై మూడు చోట్లా రెంటినీ పోల్చుకుంటూ వచ్చాడు. ఎప్పుడో మానేసిన పని ఇది. ఈమధ్య ఆయన పై పైన చూసి వద్దనడమో, పై పైన చూసి సరేననడమో తప్ప, ఇంత నిదానంగా ఒకరు రాసింది చదివి చాలా కాలమైంది.

ముప్ఫై ఒకటో చోట ఆగాడు.

టీచరమ్మను పిలిచాడు. ఆవిడ నోట్‌బుక్కు పట్టుకుని వచ్చి, ఎందుకైనా మంచిదని కొంచెం దూరంగానే నిలబడింది.

"కూర్చో. ఆడపడుచుకి స్కోర్ అని పెట్టావు."

"అవును సార్."

"స్కోర్ పెరిగితే మంచిదా చెడ్డదా?"

"మంచిదే కదా."

"ఇక్కడ చూడు. పుస్తకంలో తప్పు దొరికినప్పుడల్లా ఇది పెరుగుతుంది. అట్ట చిరిగింది, ఒకటి. పేరు సగమే కలిసింది, రెండు. చివర్లో తక్కువ ఉన్నవి పైకి వస్తాయి. రేపు ఎవడో వస్తాడు. స్కోర్ అని చదువుతాడు. అరె, తక్కువ స్కోర్ పైన పెట్టారేంటి అని తిప్పేస్తాడు. దాంతో పనికిరానివన్నీ పైకి ఎక్కుతాయి."

టీచరమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. నుదురు కొట్టుకుంది. "అయ్యో! మైనస్ మార్కులా ఇవి? పదేళ్ళు పేపర్లు దిద్దినదాన్ని, నాకు తట్టలేదు చూడండి."

"పాత పేరుతో ఎవరికీ తట్టదులే."

ఆయన నోట ఆ మాట విని ఆవిడ తల తిప్పి చూసింది. ఆయన తెర చూస్తూనే, "దీనికి కటింగ్ అని పెట్టు," అన్నాడు.

"కటింగా? సార్, కటింగ్ అంటే సెలూను అనుకుంటారు."

"మా మరదలు పెట్టిన పేరు."

"మీ ఇంట్లో అందరూ సాఫ్ట్‌వేరేనా సార్?"

"టైలరు."

టీచరమ్మకు నవ్వొచ్చింది గానీ, నవ్వచ్చో లేదో తెలియక ఆపుకుంది. "పోనీ, మార్క్స్ కట్ అందాం. మీ మరదలుగారి మాటా ఉంటుంది, మాకూ అర్థమవుతుంది."

"సరే. అత్తకి నువ్వు ఫిల్టర్ అన్నావు. గేటు అంటే బాగుంటుంది."

"లేదు సార్. ఫిల్టర్ ఎవరికైనా తెలుస్తుంది. గేటు అంటే ఏ గేటు అని మళ్ళీ అడుగుతారు."

"గేటు దగ్గరేగా ఆపేది?"

"ఆపడం కాదు సార్, ఏరడం. మీరే చెప్పండి, అందులో ఏరడం లేదూ?"

ఆయన ఇంకా రెండుసార్లు గేటు తరఫున వాదించాడు. టీచరమ్మ రెండుసార్లూ తగ్గలేదు. చివరకు ఫిల్టరే మిగిలింది.

"ఇవన్నీ మీరెక్కడినుంచి చూసి చెప్తున్నారు సార్?"

పెద్దాయన కాస్త తటపటాయించాడు. తర్వాత కుర్చీ పక్కకు జరిపి, పాత మార్పు తెరిచి ఉన్న విండోను ఆవిడ ముందుకు తెచ్చాడు. టీచరమ్మ పైనుంచి చదివింది. ఆయన భార్య అడిగింది చదివింది. ఆయన జవాబు చదివింది. 'సరే' అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగింది. ఆ ఆగడాన్ని పెద్దాయన చూస్తూ కూర్చున్నాడు. ముఖం తిప్పుకోలేదు.

"చదివావుగా."

"చదివాను సార్."

"ఏమైనా అనాలనుందా?"

"చాలా ఉంది. ముందు నా మార్పు లోపలికి వెళ్ళనివ్వండి, తర్వాత అంటాను."

"అదీ నిజమే," అన్నాడు.

టీచరమ్మ వెళ్ళి, అరగంటలో సరిదిద్ది మళ్ళీ పంపింది. ఆయన మళ్ళీ నలభై మూడు చోట్లా చదివాడు. ఒక చోట పాత 'మరిది' మిగిలిపోయి ఉంటే చెప్పాడు. ఆవిడ అదీ తీసేసింది. ఇంక వద్దనడానికి ఏమీ లేదు. ఎడమవైపు ఎర్ర లైన్లను పైనుంచి కింది దాకా ఒక్కసారి చూసుకున్నాడు. చెప్పుల దుకాణం పైన ఆ రెండు గదులు వాటిల్లోనే ఉన్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ గదులు నిజమే. ఆవిడ ఒళ్ళో మడతలు పడ్డ కాగితం నిజమే. ఆ కాగితం మీద ఆవిడ రోజూ చదవాల్సి వచ్చింది మాత్రం ఆయన రాతే.

ఒప్పుకున్నానని నొక్కేముందు, కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆయన అందులో ఏళ్ళ తరబడి 'సరే' తప్ప ఏమీ రాయలేదు. ఆ మాట రాయడానికి ఈరోజు చెయ్యి రాలేదు. రెండు వేళ్ళతో నెమ్మదిగా కొట్టాడు.

"మంచి మార్పు. పంతొమ్మిదేళ్ళ కింద నా భార్య ఇదే పంపింది. నేను ఆపాను. ఆపడానికి కారణం లేదు. అంతకుముందు ఆ పేర్లు పెట్టింది కూడా నేనే, ఆవిడ కాదు."

నొక్కాడు.

కాపరి రాసింది ఆఫీసు మొత్తానికి మెయిలుగా వెళ్తుంది. హాలులో అక్కడొక ఫోను, ఇక్కడొక ఫోను టింగుమన్నాయి. దూరంగా ఎవరో లేచి నిలబడి ఇటు చూసి మళ్ళీ కూర్చున్నారు. మాటలు ఒక్కసారిగా తగ్గాయి. ఇలాంటప్పుడు పెద్దాయన ముఖం మాడ్చుకుని తెర వెనక దాక్కునేవాడే. ఈరోజు దాక్కోలేదు. చూడనిచ్చాడు.

టీచరమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి అంది.

"సార్, అది అందరికీ వెళ్ళింది."

"తెలుసు."

"తొందర్లో నొక్కేశారేమో అనుకున్నా. పై టీముకి చెప్తే తీయించేయొచ్చు. నేను మాట్లాడతాను."

"వద్దు."

"నిజంగా?"

"జోకు అందరి ముందూ వేశాను. ఇది కూడా అందరి ముందే ఉండాలి." ఆయన తెర వైపు తిరిగాడు. "మార్పును నడిపి చూసే పరీక్షలు పూర్తయ్యాయా?"

"అన్నీ అయ్యాయి సార్. ఏదీ తప్పలేదు."

"మరి చూస్తావేం? లోపలికి పంపు."